తాతయ్య కీర్తన, మనవరాలి వాల్ట్జ్: రెండూ కలిసే ఏడాది 1847

ప్రశ్న: మాది రాజమండ్రి. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. నాలుగేళ్ళుగా పియానో నేర్చుకుంటోంది. ఇప్పుడు షోపెన్ అనే పాశ్చాత్య స్వరకర్త రాసిన సి షార్ప్ మైనర్ వాల్ట్జ్ (నాట్యపు నడకలో ఉండే పియానో ముక్క) సాధన చేస్తోంది. సెలవుల్లో వాళ్ళ టీచరు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. 1840 నుంచి 1860 లోపు ఏదో ఒక సంవత్సరం తీసుకుని, ఆ ఏడాది శాస్త్రీయ సంగీతంలో ఏం జరిగిందో, మామూలు జనం ఏ పాటలు పాడుకున్నారో రాసి, పది నిమిషాలు మాట్లాడాలట.

మా మామగారికి 78 ఏళ్ళు. రిటైరైన తెలుగు మాస్టారు. చిన్నప్పుడు గురువుగారి ఎదుట కూర్చుని నోటితోనే త్యాగరాజ కీర్తనలు నేర్చుకున్నారు. ఓ నలభై కీర్తనలు పుస్తకం చూడకుండా వస్తాయి. రోజూ పొద్దున పాడతారు. ఆయన పాడుతుంటే అమ్మాయి పక్కన కూర్చుని స్టాఫ్ నోటేషన్‌లో, అంటే గీతల మీద స్వరాలు గుర్తు పెట్టే పాశ్చాత్య పద్ధతిలో, రాయడం మొదలుపెట్టింది. అది చూసి ఆయనకి కోపం వచ్చింది. "కాగితం మీద ఉండేది పాట కాదమ్మా, శవం" అన్నారు. ఇదీ ఊరుకోలేదు. "రాయకపోతే మీతోపాటే పోతాయి తాతయ్యా" అనేసింది. అంతే, పది రోజులై ఆయన పొద్దున పాడటం మానేశారు. ఇద్దరూ నాకే చెప్పుకుంటారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఏ సంవత్సరం తీసుకోమని చెప్పాలి? వీళ్ళిద్దరినీ ఎలా కలపాలి?

ఒక కోడలు, రాజమండ్రి

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదివాక ప్రాజెక్టు కంటే ముందు పట్టుకున్నది ఆ పది రోజుల సంగతి. రోజూ పొద్దున పాట వినిపించే ఇంట్లో పాట ఆగిపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మొదట దాని గురించి రాసి, సంవత్సరం సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెబుదామనుకున్నాను. ఆలోచిస్తే మీ రెండు ప్రశ్నలకీ జవాబు ఒక్కచోటే ఉంది. అమ్మాయిని 1847 తీసుకోమనండి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. ఇది అమ్మాయికి ఒక్కదానికే చదివి వినిపించకండి, మీ మామగారికి వినబడేలా చదవండి.

1847 జనవరి 6. మన లెక్కలో పరాభవ నామ సంవత్సరం, పుష్య బహుళ పంచమి. కావేరి ఒడ్డున తిరువయ్యారులో త్యాగరాజస్వామి సిద్ధి పొందిన రోజు. ఆయనకి అప్పుడు ఎనభయ్యో ఏడు నడుస్తోంది. చివరి రోజుల్లో సన్యాసం తీసుకున్నారు. కొద్ది రోజుల ముందే తిరువనంతపురంలో వాగ్గేయకారుడైన స్వాతి తిరునాళ్ మహారాజు 33 ఏళ్ళకే పోయారు. అంటే ఆ సంవత్సరం మొదలవుతూనే దక్షిణాది సంగీతంలో రెండు దీపాలు కొండెక్కాయి.

సహానా రాగంలో "గిరిపై నెలకొన్న" మీ మామగారికి వచ్చే ఉంటుంది. రాముడు కలలో కనిపించి "పది పూటలపై కాచెదను" అని మాట ఇచ్చాడని, ఆ మాట పట్టుకుని స్వామి ఈ కీర్తన పాడారని, సరిగ్గా పదో రోజు వెళ్ళిపోయారని సంప్రదాయం చెబుతుంది. ఆ చరణం ఒకసారి చూడండి. ఒళ్ళు పులకరించి, కళ్ళలో నీళ్ళు నిండి, మాట్లాడాలని ఉన్నా మాట రాక తడబడుతున్న భక్తుడు. అవతల ఆయన ఇచ్చిన మాట ఒక్క ముక్క. తన చావు కబురుని ఇంత నెమ్మదిగా, ఇంత సంతోషంగా చెప్పుకున్న పాట నాకు ఇంకొకటి తెలియదు.

ఇక మీ ఇంటి గొడవకి పనికొచ్చే సంగతి. త్యాగరాజస్వామి పాడారు, శిష్యులు నేర్చుకున్నారు. సాహిత్యం తాటాకుల మీదా కాగితాల మీదా రాసుకున్నది ఆ శిష్యులే. ఉమయాళ్‌పురం వాళ్ళు, తిల్లైస్థానం వాళ్ళు, వాలాజాపేట వాళ్ళు, ఇలా మూడు శిష్య పరంపరలు ముఖ్యమైనవి. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్, ఆయన కొడుకు కృష్ణస్వామి భాగవతార్ రాసి దాచిన ప్రతులు తర్వాత మదురైలోని సౌరాష్ట్ర సభకి చేరాయి. వెంకటరమణ భాగవతార్ ఇంటి భాష సౌరాష్ట్రం. తమిళ దేశంలో ఉంటూ, ఇంట్లో సౌరాష్ట్రం మాట్లాడుకునే మనిషి ఒకాయన తెలుగు పాటలని అక్షరం పోకుండా రాసి పెట్టారు. ఇవాళ మనకి దొరుకుతున్న ఏడు వందల చిల్లర కీర్తనల వెనక అలాంటి చేతులు ఉన్నాయి.

కాబట్టి రాయడం తప్పు అని మీ మామగారు అంటే, మన పరంపరే అలా అనదని మీరు నెమ్మదిగా గుర్తు చేయొచ్చు. కానీ ఆగండి, ఆయన మాటలో నిజం చాలా ఉంది. అది తెలియాలంటే అదే ఏడాది బెర్లిన్ వెళ్ళాలి.

1847 మే 14, శుక్రవారం. బెర్లిన్‌లో లైప్‌జిగర్ వీధి 3వ నంబరు ఇల్లు. దాని వెనక తోటలో పెద్ద హాలు ఉండేది. ఫానీ హెన్సెల్ అనే ఆవిడ అక్కడ ఆదివారాలు కచేరీలు పెట్టేది. ఆ వారం కచేరీకి రిహార్సల్ చేయిస్తోంది. పాడేవాళ్ళు నిలబడి ఉన్నారు, ఆవిడ పియానో ముందు కూర్చుంది. వాయిస్తూ ఉండగా చేతులు పట్టు తప్పాయి. ఆ రాత్రే పోయింది. 41 ఏళ్ళు. అంతకు ముందు రోజే ఒక పాటకి బాణీ కట్టింది. ఆ రోజు రిహార్సల్ చేస్తున్నది తమ్ముడి రచన. ఆ తమ్ముడు స్వరకర్త ఫెలిక్స్ మెండెల్‌సన్, అప్పటికి యూరప్ అంతా పేరు మోగిపోతున్నవాడు.

అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకే గురువు దగ్గర, ఒకే శ్రద్ధతో నేర్చుకున్నారు. ఆవిడకి పధ్నాలుగేళ్ళప్పుడు తండ్రి ఉత్తరం రాశాడు. సంగీతం తమ్ముడికి వృత్తి కావచ్చు, నీకు మాత్రం ఎప్పటికీ ఆభరణమే అని. ఆభరణమే అన్నాడు, చూడండి. నేను ఈ మాట మొదటిసారి చదివినప్పుడు మన ఇళ్ళలో "పెళ్ళిచూపుల్లో ఒక కీర్తన పాడితే చాలు" అనే మాట గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. ఆవిడ రాయడం మానలేదు. 450కి పైగా రచనలు చేసింది. మొదట్లో కొన్ని పాటలు తమ్ముడి పేరు మీద అచ్చయ్యాయి. 1842లో ఇంగ్లండు రాణి విక్టోరియా తనకి ఇష్టమైన పాట ఒకటి ఫెలిక్స్ ఎదుట పాడితే, అది మా అక్క రాసింది అని ఆయన ఒప్పుకోవాల్సి వచ్చింది. తన సొంత పేరుతో వరసగా అచ్చు వేయించడం ఆవిడ మొదలుపెట్టింది 1846లో. ఏడాది తిరక్కుండానే పోయింది.

ఇప్పుడు అసలు విషయం. ఫానీ రచనలకి కాగితం లోటు లేదు. ప్రతి స్వరమూ రాసి ఉంది, తప్పు పోవడానికి వీల్లేనంత వివరంగా. 1841లో పన్నెండు నెలలకీ ఒక్కో ముక్క చొప్పున పియానో రచన ఒకటి చేసింది. రంగు రంగుల కాగితాల మీద శుభ్రంగా రాసింది. భర్త చిత్రకారుడు, ప్రతి నెలకీ బొమ్మ వేసి ఇచ్చాడు. ఆ రచన మొత్తంగా అచ్చయింది ఎప్పుడో తెలుసా? 1989లో. దాదాపు నూట యాభై ఏళ్ళు పెట్టెల్లో, గ్రంథాలయాల్లో నిద్రపోయింది. 1828లో రాసిన ఈస్టర్ సొనాటా అనే పియానో రచన పరిస్థితి ఇంకా అన్యాయం. అది తమ్ముడిదే అనుకున్నారు, ఆవిడదే అని తేలింది మన కాలంలో.

అటు తిరువయ్యారులో స్వరం స్వరంగా రాసి అచ్చు వేయించిన పుస్తకం ఒక్కటీ లేకుండా వెళ్ళిపోయిన ఆయన. ఆయన పాట ఒక్క రోజు కూడా ఆగలేదు. ఇటు బెర్లిన్‌లో అన్నీ కాగితం మీద పెట్టి వెళ్ళిన ఆవిడ. ఆవిడ పాట నూట యాభై ఏళ్ళు ఆగింది. ఒకే సంవత్సరంలో, నాలుగు నెలల తేడాలో పోయారు ఇద్దరూ. ఎవరి నోట్లో ఉంది అన్నదే తేడా. ఆయనకి శిష్యులు ఉన్నారు, వాళ్ళ శిష్యులు ఉన్నారు, మీ మామగారి గురువుగారు ఉన్నారు, మీ మామగారు ఉన్నారు. ఆవిడ పాటలని చాలాకాలం ఎవరూ ఎత్తుకోలేదు. కాగితం మీద ఉండేది పాట కాదు అన్న మీ మామగారి మాటకి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఉండదు. శవం అన్నది మాత్రం నేను ఒప్పుకోను. ఎవరో ఒకరు వచ్చి లేపేదాకా అది నిద్రే. ఇవాళ ఆ పన్నెండు నెలల రచనని పియానో వాళ్ళు ప్రపంచమంతా వాయిస్తున్నారు. అమ్మాయిని అందులో "సెప్టెంబరు" వినమనండి. నది పక్కన నడుస్తున్నట్టు కుడిచెయ్యి నీళ్ళలా పారుతూ ఉంటుంది, పాట లోపల మధ్య స్థాయిలో నడుస్తుంది.

అక్క పోయిన కబురు ఫ్రాంక్‌ఫర్ట్‌లో తెలిసింది ఫెలిక్స్‌కి. విని అరిచి కుప్పకూలిపోయాడు. ఆ వేసవిలో స్విట్జర్లండ్ వెళ్ళి ఇంటర్లాకెన్‌లో ఉన్నాడు. నీటి రంగులతో కొండలూ ఇళ్ళూ బొమ్మలు వేశాడు, కొన్నాళ్ళు స్వరం రాయలేకపోయాడు. తర్వాత ఎఫ్ మైనర్‌లో ఒక స్ట్రింగ్ క్వార్టెట్ రాశాడు. రెండు వయొలిన్లు, ఒక వయొలా, ఒక చెలో. ఆయన సంగీతం అంటే నున్నగా, అందంగా, మర్యాదగా ఉంటుందని పేరు. ఇది అలా ఉండదు. మొదటి నిమిషంలోనే నాలుగు వాద్యాలూ వణుకుతూ, కోపంగా, ఏడవడం చేతకాని మగవాడు గోడకి పిడికిలి కొట్టినట్టు మొదలవుతాయి. మూడో భాగంలో మాత్రం కాసేపు కూర్చుని అక్కని తలచుకుంటాడు. మొత్తం ఇరవై అయిదు నిమిషాలు. మీ మామగారిని వినమని అడగండి. ఆయనకి పాశ్చాత్య సంగీతం తెలియక్కర్లేదు. తోడబుట్టినవాళ్ళని పోగొట్టుకున్న మనిషికి అది అర్థమవుతుంది. నవంబరు 4న లైప్‌జిగ్‌లో ఫెలిక్స్ కూడా పోయాడు, 38 ఏళ్ళకి. బెర్లిన్‌లో అక్క పక్కనే పూడ్చారు.

ఇంకొక్క సంగతి చెప్పి వీళ్ళని వదిలేస్తాను. ఇదే ఫెలిక్స్ ఇరవై ఏళ్ళ కుర్రాడుగా ఉన్నప్పుడు, 1829లో, పాతకాలపు జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన మత్తయి సువార్త గాన రచనని బెర్లిన్‌లో పాడించాడు. బాఖ్ పోయి అప్పటికి దాదాపు ఎనభై ఏళ్ళు. ఆ రచన జనం చెవిన పడటం ఎప్పుడో మానేసింది. దాని ప్రతి ఆ కుర్రాడికి ఎలా దొరికింది? వాళ్ళ అమ్మమ్మ కాపీ రాయించి ఇచ్చింది. అమ్మమ్మ కాగితం ఇచ్చింది, మనవడు గొంతులు పోగు చేశాడు. ఇవాళ బాఖ్ పేరు తెలియని పియానో విద్యార్థి లేడంటే ఆ రెండూ కలిసినందువల్లే. మీ ఇంట్లో ఇద్దరూ చెరోవైపు నిలబడి లాగుతున్నది ఈ రెండు చివర్లనే.

ఇక అమ్మాయి వాయిస్తున్న వాల్ట్జ్. అది అచ్చయిన సంవత్సరం ఏమిటో చూసుకుందా? ఓపస్ 64 (ఓపస్ అంటే స్వరకర్త రచనలకి వేసే వరస సంఖ్య), 1847. పారిస్‌లో షోపెన్ తన బతుకులో అచ్చు వేయించిన చివరి రచనల్లో ఒకటి. అదే ఏడాది రచయిత్రి జార్జ్ సాండ్‌తో ఆయన సంబంధం తెగిపోయింది, ఆరోగ్యం అప్పటికే పాడైపోయింది, ఇంకో రెండేళ్ళకి పోయాడు. అదే ఓపస్‌లో మొదటిది "మినిట్ వాల్ట్జ్" అని పిల్లలందరూ పోటీపడి వేగంగా వాయించేది. దాన్ని ఒక్క నిమిషంలో ముగించాలని ఆయన ఎక్కడా అనలేదు. హాయిగా రెండు నిమిషాలు తీసుకోమనండి.

షోపెన్ గురించి మీ మామగారికి తప్పకుండా చెప్పాల్సింది ఒకటుంది. ఆయన బతుకుతెరువు ముఖ్యంగా పాఠాలు చెప్పడమే. శిష్యురాళ్ళ అచ్చు పుస్తకాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఆయన పెన్సిలుతో స్వరాలు చేర్చాడు, గమకాల్లాంటి అలంకారాలు మార్చాడు. ఒక శిష్యురాలి పుస్తకంలో ఒకలా, ఇంకొకరి పుస్తకంలో ఇంకోలా. ఆయన నాక్టర్న్ (రాత్రి వేళని తలపించే నెమ్మది పియానో ముక్క) ఒకదానికి, ఓపస్ 9లో రెండోదానికి, ఇలాంటి పాఠాలు అరడజను పైగా ఉన్నాయి. మనం దీన్ని ఏమంటాం? పాఠాంతరం! ఉమయాళ్‌పురం వాళ్ళ సంగతి వేరు, వాలాజాపేట వాళ్ళ సంగతి వేరు అన్నట్టే. అచ్చయిన కాగితం మీద కూడా గురువు చెయ్యి ఆగలేదు. అచ్చు ఒక ఆధారం, పాఠం గురువు ఎదురుగా కూర్చుంటేనే.

జనం పాడుకునే పాటల సంగతి కూడా కావాలన్నారు కదా. దానికి అమెరికా వెళ్ళాలి. 1847 సెప్టెంబరు 11న పిట్స్‌బర్గ్‌లో, ఈగిల్ ఐస్‌క్రీం సెలూన్ అనే చోట, ఒక కొత్త పాట మొదటిసారి పాడారు. అదే "ఓ! సుజానా". రాసింది స్టీఫెన్ ఫాస్టర్, 21 ఏళ్ళవాడు, సిన్సినాటిలో అన్నగారి వ్యాపారంలో పద్దులు రాసుకునేవాడు. మరుసటి ఏడాదికల్లా ఆ పాట దేశమంతా పాకింది. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియా పరిగెత్తిన జనం దారి పొడుగునా అదే పాడుకున్నారు. ఇంగ్లీషు మీడియం బడిలో చదివిన మన పిల్లలకీ ఆ వరస తెలుసు. అంత పాటకి ఫాస్టర్ చేతికి వచ్చింది సుమారు వంద డాలర్లని చెబుతారు. ఒకరు అచ్చు వేశారు, చూసి ఇంకొకరు వేశారు, అడిగే చట్టం గట్టిగా లేదు. 1864లో న్యూయార్క్ ఆసుపత్రిలో ఆయన పోయినప్పుడు పర్సులో ఉన్నది 38 సెంట్లు.

ఈ పాట గురించి అమ్మాయి ఒక నిజం దాచకుండా చెప్పాలి. తెల్లవాళ్ళు మొహానికి మసి పూసుకుని, నల్లవాళ్ళని వెక్కిరిస్తూ ఆడే మిన్‌స్ట్రల్ ప్రదర్శనల కోసం రాసిన పాట అది. మొదట అచ్చయిన రెండో చరణంలో వందలమంది నల్లవాళ్ళ చావుని నవ్వులాటగా చెప్పిన మాటలున్నాయి. ఇప్పుడు ఆ చరణం ఎవరూ పాడరు. పాటలో మోకాలి మీద ఉండే బాంజో మాత్రం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ చేతుల్లో పుట్టిన వాద్యం. అప్పటికి ఆ దేశంలో బానిసత్వం ఉంది. వరస హాయిగా ఉంది కదా అని పదహారేళ్ళ పిల్ల దీన్ని దాటేయకూడదు.

మిగతావి త్వరగా చెబుతాను. మార్చి 14న ఫ్లారెన్స్‌లో ఇటలీ స్వరకర్త వెర్డి "మాక్‌బెత్" ఒపెరా మొదటి ప్రదర్శన. అందులో హత్య తర్వాత వచ్చే యుగళగీతాన్ని వెర్డి తమ చేత నూట యాభైసార్లకు పైగా సాధన చేయించాడని, పాటలా కాక మాటలా వచ్చేదాకా వదల్లేదని అది పాడిన గాయని తర్వాత చెప్పుకుంది. సాధన అంటే విసుక్కునే రోజు అమ్మాయికి ఇది గుర్తు చేయండి. మే నెలలో జెనీ లిండ్ అనే స్వీడన్ గాయని లండన్లో మొదటిసారి పాడితే ఊరు ఊరంతా వెర్రెత్తిపోయింది. డిసెంబరులో ఫ్రాన్స్‌లోని రోక్‌మోర్ అనే చిన్న ఊళ్ళో క్రిస్మస్ కోసం ఒక పాట మొదటిసారి పాడారు, ఇవాళ ప్రపంచమంతా "ఓ హోలీ నైట్" అని పాడుకునేది అదే. ఇంకొకటి మీ మామగారికి బాగా తెలిసినది. ఏటా జనవరి 29న ఢిల్లీ బీటింగ్ రిట్రీట్‌లో, చీకటి పడే వేళ బ్యాండు వాయిస్తూ వచ్చిన "అబైడ్ విత్ మీ". గాంధీగారికి ఇష్టమైన ప్రార్థన అది. ఆ గీతం హెన్రీ లైట్ అనే ఫాదరీ 1847లో, ప్రాణం పోయే ముందు నెలల్లో రాసింది. వరస తర్వాత 1861లో కట్టారు. 2022 నుంచి ఆ కార్యక్రమంలో తీసేశారు కానీ దూరదర్శన్ చూసి పెరిగినవాళ్ళ చెవుల్లో అది ఉండిపోయింది. చావు దగ్గరపడిందని తెలిసి, నాతో ఉండు స్వామీ అని రాసుకున్న పాట. "గిరిపై" పక్కన పెట్టి చూడండి. ఆయన "ఉండు" అని అడుగుతున్నాడు, మనాయన "వస్తానన్నాడు" అని చెబుతున్నాడు.

ఇక చేయాల్సిన పని.

ముందుగా అమ్మాయి వెళ్ళి తాతయ్యకి క్షమాపణ చెప్పాలి. ప్రాజెక్టు మాట ఎత్తకూడదు, ఫోను చేతిలో ఉండకూడదు. దాని ఉద్దేశం మంచిదే, నేను కాదనను. కానీ 78 ఏళ్ళ మనిషితో "మీతోపాటే పోతాయి" అనడం అంటే ఆయన పోవడం గురించి ఆయన మొహాన్నే మాట్లాడటం. ఆయన పాట మానేసింది నోటేషన్ మీద కోపంతో కాదని నాకు అనిపిస్తోంది. తను పోయాక ఏమవుతుందా అని తనకీ రాత్రుళ్ళు తోస్తూనే ఉంటుంది. ఆ భయాన్ని మనవరాలు పైకి అనేసింది.

తర్వాత ఒక కీర్తన, ఒక్కటే, నేర్పమని అడగాలి. ఆయన ఎలా నేర్చుకున్నారో అలాగే. ఎదురుగా కూర్చుని, ఆయన ఒక లైను పాడితే తను పాడాలి. వారం రోజులు కాగితం వద్దు. సహానాలో గాంధారాన్ని పియానో మీట మీద వెతికితే దొరకదని ఆ వారంలో దానికే తెలుస్తుంది, మీరు చెప్పక్కర్లేదు. నోటికి వచ్చాక, "తాతయ్యా, నేను పాడింది మర్చిపోకుండా రాసుకోనా?" అని అడగాలి. అప్పుడు ఆయన కాదనరు. ఆయన పాట రాస్తానంటే కోపం వచ్చింది కానీ శిష్యురాలు తన పాఠం రాసుకుంటానంటే ఏ గురువుకీ కోపం రాదు. సాహిత్యం తెలుగులో, దాని పైన సరిగమలు, స్టాఫ్ నోటేషన్ అన్నిటికన్నా చివర. కాగితంలో పట్టని చోటల్లా పెన్సిలుతో ఒక గుర్తు పెట్టమనండి. షోపెన్ చేసినట్టే.

ఫోనులో రికార్డు చేయడం ఆయన ఒప్పుకున్నాకే. చేసేటప్పుడు ఫ్యాను ఆపండి, ఫోను ఆయన మోకాలి ముందు చిన్న పీట మీద పెట్టండి. మొదట ఆయన చేతే తేదీ, కీర్తన, ఎవరి దగ్గర ఎప్పుడు నేర్చుకున్నారో చెప్పించండి. ఆ గురువుగారి గొంతు ఎలా ఉండేదో, ఎక్కడ తిట్టేవారో కూడా చెప్పనివ్వండి. మధ్యలో దగ్గు వచ్చినా, మంచినీళ్ళు తాగినా ఆపకండి.

మా పెద్దమ్మ శుక్రవారం సాయంత్రం ఒక మంగళహారతి పాడేది. వాళ్ళ పుట్టింటి ఊరి పాట. ఎక్కడా ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. ఆవిడ పళ్ళెం తిప్పుతూ రెండో పాదం దగ్గర గొంతు కొద్దిగా తగ్గించేది, ఆ చోటు దాకా నాకు వస్తుంది. అక్కడి నుంచి మాటలు లేవు. వరస కూడా సగమే. ఆవిడ ఉన్నన్నాళ్ళూ పక్కనే ఉన్నాను, ఒక్కసారి అడగలేదు. అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీరు కూడా ఆ పాఠం దగ్గర కూర్చోండి. వంటింట్లోంచి వినడం వేరు. మీకు పాట వచ్చా రాదా మీరు రాయలేదు, వచ్చినా రాకపోయినా మూడో మనిషి ఉంటే ఇద్దరి మధ్యా మాట బిగుసుకోదు.

పది నిమిషాల ప్రసంగానికి నాది ఒకటే సలహా. అన్నీ కూర్చొద్దు. వెర్డి, జెనీ లిండ్ లేకపోయినా ఫరవాలేదు. జనవరి 6తో మొదలుపెట్టి, మే 14కి వచ్చి, సెప్టెంబరు 11 చెప్పి, తన వాల్ట్జ్ ఒక నిమిషం వాయించమనండి. మిగిలిన సమయంలో తాతయ్య పాడిన "గిరిపై" చరణం, "పది పూటలపై" దగ్గర ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటారో ఆ చోటు, వినిపించమనండి. అప్పటికి ఆయన పొద్దున పాట మళ్ళీ మొదలైందో లేదో నాకు తప్పకుండా రాయండి.